ఉక్రేనియన్‌ను సెర్బియన్ పక్కన పెట్టి చూడండి

ఉక్రేనియన్ అని వేరే భాషేదీ లేదనీ, పోలిష్ కలిసి పాడైన రష్యన్‌కే ఆ పేరు పెట్టారనీ నాకు మొదట చెప్పింది నాకు రష్యన్ నేర్పిన మాస్టారే. హైదరాబాదులో సాయంత్రపు తరగతి. పదిమందిమి కూడా ఉండేవాళ్లం కాదు. గోగోల్ పుట్టిన ఊళ్లో జనం ఏ భాష మాట్లాడతారండీ అని ఒకమ్మాయి అడిగింది. మాస్టారు సుద్దముక్క కింద పెట్టి, "అదీ రష్యనేనమ్మా, పల్లెటూరి రష్యన్" అన్నారు. ఆయన మంచి గురువు. రష్యన్ మీద నాకున్న ఇష్టమంతా ఆయన పెట్టిన భిక్షే. అందుకే ఆ మాటను చాలా ఏళ్లు అనుమానించలేదు. విశాలాంధ్ర దుకాణాల్లో సోవియట్ పుస్తకాలు చవగ్గా దొరికే రోజులవి. లోపల రాసినవాడు జార్జియావాడైనా కిర్గిజ్‌వాడైనా, మాస్కోలో అచ్చయిందంటే మాకు అది రష్యన్ సాహిత్యమే.

2022లో యుద్ధం మొదలై మన తెలుగు పిల్లలు వైద్య కళాశాలల హాస్టళ్లు వదిలి చలిలో సరిహద్దులకు నడిచినప్పుడు ఆ మాటే మళ్లీ అన్ని వైపుల నుంచీ వినబడింది. టీవీ చర్చల్లో విన్నాను, బంధువుల ఇళ్లలో విన్నాను. ఇద్దరిదీ ఒకే జాతి, ఒకే మతం, ఒకే లిపి, భాషలో ఉన్నది యాస తేడాయే కదా అని. అన్నవాళ్లలో చాలామందికి దురుద్దేశం లేదు. కానీ మాట మాత్రం అమాయకమైనది కాదు. 2021 జూలైలో రష్యా అధ్యక్షుడు పుతిన్ రష్యన్లూ ఉక్రేనియన్లూ ఒకే ప్రజ అంటూ పెద్ద వ్యాసమే రాశాడు. 2022 ఫిబ్రవరి 21న ఉక్రెయిన్‌ను తయారుచేసింది బోల్షివిక్కులేనని ప్రసంగించాడు. మూడు రోజులకు ట్యాంకులు కదిలాయి. భాష లేదన్న మాట దేశం లేదన్న మాటకు మొదటి మెట్టు. ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగి, అది నిలుస్తుందో లేదో చూడాలని ఈ వ్యాసం.

వాళ్ల వాదం ఇది: ఉక్రేనియన్‌కూ రష్యన్‌కూ మూలం ఒకటి. రష్యన్‌తో కలవనిది ఉక్రేనియన్‌లో ఏది కనబడినా అది పోలిష్ రాజుల కింద బతికిన శతాబ్దాల్లో అంటుకున్న మరక. మరకలు తుడిస్తే మిగిలేది రష్యనే. దీన్ని తేల్చడానికి ఉక్రేనియన్‌ను రష్యన్ పక్కనో పోలిష్ పక్కనో పెట్టి లాభం లేదు. ఇద్దరు దాయాదుల మధ్య పంచాయతీకి ఆ ఇద్దరినే సాక్షులుగా పిలవలేం. ఎన్నడూ పోలిష్ పాలన ఎరగని స్లావ్ భాష ఒకటి కావాలి. సెర్బియన్ అలాంటిది. స్లావ్ భాషల్లో దక్షిణ శాఖ దానిది. ఉక్రేనియన్, రష్యన్, బెలారుసియన్‌లది తూర్పు శాఖ. పోలిష్‌ది పడమటి శాఖ. ఉక్రేనియన్‌కూ సెర్బియన్‌కూ మధ్య రొమేనియా, హంగరీ వంటి దేశాలున్నాయి, అక్కడి భాషలు స్లావ్ భాషలే కావు.

రాయడం అనే క్రియ తీసుకుందాం. 'రాస్తాం' అనాలంటే ఉక్రేనియన్‌లో పిషెమొ. సెర్బియన్‌లోనూ పిషెమొ. రాతలో ఒక్క అక్షరం తేడా లేదు. రష్యన్‌లో పీషెమ్, పోలిష్‌లో పిషెమి. ఉక్రేనియన్ చివరనున్న ఆ 'మొ' పోలిష్ నుంచి వచ్చిందంటే ముందు పోలిష్‌లో అది ఉండాలి. లేదు. ఇక 'రాయడానికి' అనే తుమున్నర్థక రూపం చూడండి. ఉక్రేనియన్‌లో పిసాతి, సెర్బియన్‌లో పిసాతి. రష్యన్ చివరి అచ్చును వదిలేసి పిసాత్ అంటుంది. ఒత్తు చివర పడే కొద్ది క్రియల్లో మాత్రమే దాన్ని నిలుపుకుంది. పోలిష్‌లో పిసాచ్. మన వ్యాకరణం మాటల్లో చెప్తే, ఉక్రేనియన్‌కూ సెర్బియన్‌కూ ఇది అజంతం, రష్యన్‌కూ పోలిష్‌కూ హలంతం. మూల స్లావ్ రూపం అజంతమే. అంటే మారింది రష్యన్, నిలిచింది ఉక్రేనియన్. నిలిచినదాన్ని పట్టుకుని పాడైందనడం ఎలాంటి న్యాయం?

చెవితో వినే తేడాలూ అంతే. పన్నును ఉక్రేనియన్‌లో జూబ్ అంటారు, సెర్బియన్‌లోనూ జూబ్ అనే. రష్యన్‌లో రాసేది జూబ్, పలికేది జూప్. పదం చివరి సరళం అక్కడ పరుషమైపోతుంది. పోలిష్‌లోనూ అలాగే అవుతుంది. పాలను ఉక్రేనియన్‌లో మొలొకో అని మూడు ఒకారాలూ నిండుగా పలుకుతారు. మాస్కోవాళ్లు అదే మాట రాసి మలకో అంటారు. ఒత్తులేని ఒకారాన్ని అకారం చేయడం దక్షిణాది రష్యన్ యాసల నుంచి మాస్కోకు చేరిన అలవాటు. రష్యా ఉత్తరాది పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఒకారాన్ని ఒకారంగానే పలికారు. రాజధాని యాసను ప్రమాణంగా పెట్టుకుని, దానికి తేడాగా ఉన్నదల్లా చెడిపోయిందనడం మన దగ్గరా జరిగింది. తెలంగాణ పలుకు దశాబ్దాల తరబడి పడిన మాటలు మనకు తెలుసు.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది సంబోధన. స్నేహితుణ్ని పిలవాలంటే ఉక్రేనియన్ ద్రూజె అంటాడు. సెర్బియన్ ద్రూజె అంటాడు. అన్నదమ్ముణ్ని ఇద్దరూ బ్రాతె అనే పిలుస్తారు. ఇవాన్ అనే పేరుగలవాణ్ని ఇద్దరూ ఇవానె అనే కేకేస్తారు. రష్యన్ ఈ విభక్తిని పోగొట్టుకుంది. దేవుణ్ని పిలిచే బోజె, గోస్పది లాంటి ఒకటి రెండు మాటల్లో శిలాజంలా మిగిలింది, అంతే. రష్యావాడు ఇవాన్‌ను ఇవాన్ అనే పిలుస్తాడు. మనకు సంబోధన ప్రథమ అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. రాముడు అనేవాడు కథలో రాముడే కానీ వాకిట్లోంచి పిలిస్తే రామా అవుతాడు. పేరు చివర ఆ కాస్త మార్పులోనే పిలుపూ ఉంటుంది, చనువూ ఉంటుంది. పోలిష్‌కూ సంబోధన విభక్తి ఉంది కాబట్టి ఉక్రేనియన్ అక్కణ్నుంచే తెచ్చుకుందని ఎవరైనా అంటే, సెర్బియన్‌కు ఎవరిచ్చారో చెప్పాలి. ఎవరూ ఇవ్వలేదు. అది అందరి తాతల ఆస్తి. కొన్ని ఇళ్లలో మిగిలింది, ఒక ఇంట్లో పోయింది.

ఉక్రేనియన్‌లో పోలిష్ మాటలు లేవని నేను అనను, బోలెడున్నాయి. కృతజ్ఞత చెప్పే ద్యాకుయు పోలిష్ దారిన వచ్చిందే, అక్కడికి జర్మన్ నుంచి వచ్చింది. చక్కెరను త్సూకొర్ అంటారు, అదీ పడమటి నుంచే వచ్చింది. సెర్బియన్‌లో చక్కెర షెచెర్, టర్కీవాళ్ల నుంచి తెచ్చుకున్నది. రష్యన్‌లో సాఖర్. వెనక్కి వెనక్కి వెళ్తే ఈ మూడూ, మన చక్కెరా, సంస్కృతంలోని శర్కర దగ్గరే కలుస్తాయి. ఒట్టోమాన్ పాలనలో సెర్బియన్ తెచ్చుకున్న టర్కీ మాటలు వేలల్లో ఉంటాయి. జేబును వాళ్లు జెప్ అంటారని తెలిసినరోజు నాకు ఎంత సంతోషమైందో. అరబ్బీ నుంచి టర్కీ మీదుగా బెల్‌గ్రేడ్‌కూ, పారశీకం ఉర్దూల మీదుగా హైదరాబాదుకూ చేరిన ఒకే మాట. ఇన్ని టర్కీ మాటలున్నా సెర్బియన్‌ను టర్కీ కలిసి చెడిన మరో భాష అని ఎవరూ అనలేదు. సెర్బియన్‌కు వర్తించని కొలబద్ద ఉక్రేనియన్‌కు ఎందుకు పెట్టారు?

అరువుల లెక్కే తీయాలంటే రష్యన్ ఖాతా కూడా తీయాలి. తియ్యనిదాన్ని రష్యన్ స్లాద్కి అంటుంది. సెర్బియన్ స్లాదక్. ఉక్రేనియన్ మాత్రం సొలొద్కి. కాలాన్ని రష్యన్ వ్రేమ్యా అంటుంది. సెర్బియన్ వ్రెమె. ఉక్రేనియన్ చాస్. ఇక్కడ రష్యన్ పక్కింటి ఉక్రేనియన్‌ను వదిలి దూరపు సెర్బియన్‌తో కలుస్తోంది. కారణం చర్చి. ఆర్థడాక్స్ ప్రార్థనల భాషకు పునాది దక్షిణ స్లావ్ పలుకు. రష్యన్ సాహిత్య భాష ఆ చర్చి స్లావిక్ నుంచి పుష్కలంగా తెచ్చుకుంది. లెనిన్‌గ్రాద్, వొల్గొగ్రాద్‌లలో ఉన్న గ్రాద్ కూడా అలా వచ్చిందే. రష్యన్ సొంత రూపం గోరద్. ఇది తప్పని నేననడం లేదు. తెలుగు సంస్కృతం నుంచి తెచ్చుకున్నది చూసినవాళ్లెవరూ అరువును తప్పు పట్టలేరు. దక్షిణం నుంచి తెచ్చుకున్న భాష శుద్ధమైనది, పడమటి నుంచి తెచ్చుకున్నది కల్తీ అనడాన్నే తప్పు పడుతున్నాను.

మూడు ఊళ్ల పేర్లు చెప్తాను. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్, వాళ్ల నోట బెఓగ్రాద్. ఖార్కివ్‌కు ఉత్తరాన సరిహద్దు దాటగానే రష్యాలో బెల్గోరోద్, రష్యన్ నోట బేల్గరత్. ఒడెస్సాకు నైరుతిగా ద్నీస్తర్ నది సముద్రంలో కలిసేచోట ఉక్రెయిన్ పట్టణం బిల్హొరొద్. మూడింటి అర్థం ఒకటే: తెల్ల ఊరు, తెల్లకోట. ఒక్క మాట మూడు ఇళ్లలో పెరిగితే ఎలా మారుతుందో ఇక్కడ కనిపిస్తుంది. తెలుపులోని పాత అచ్చు సెర్బియన్‌లో ఎకారమైంది, ఉక్రేనియన్‌లో ఇకారమైంది. సెర్బియన్ అక్షరం చివరి లకారాన్ని ఓకారం చేసి బెఓ అంది. మిగతా ఇద్దరూ లకారాన్ని ఉంచుకున్నారు. తూర్పువాళ్లు గ్రాద్ మధ్యలో అచ్చు చేర్చి సాగదీస్తే దక్షిణంవాళ్లు ముడిచారు. గకారాన్ని రష్యన్ గకారంగానే ఉంచింది, ఉక్రేనియన్ హకారం చేసింది. ఆ హకారం అచ్చం మన హకారంలా గొంతులోంచి మోగుతుంది. చివరి దకారాన్ని బెల్‌గ్రేడ్‌వాడూ బిల్హొరొద్‌వాడూ దకారంగానే పలుకుతారు, బెల్గోరోద్‌వాడు తకారం చేస్తాడు. ఇందులో ఏది అసలు, ఏది నకలు? ఏ ఊరు ఏ ఊరికి మాండలికం?

ఇంతవరకూ చదివినవారు ఉక్రేనియన్‌కూ సెర్బియన్‌కూ చుట్టరికం చాలా దగ్గరిదనుకుంటే అదీ పొరపాటే. అలా ఊదరగొట్టేవాళ్లూ ఉన్నారు. నేను బెల్‌గ్రేడ్ వెళ్లింది చాలా ఏళ్ల తర్వాత, రష్యన్ బాగా వచ్చాక, ఉక్రేనియన్ కాస్త వచ్చాక. స్లావ్ భాషలన్నీ అటూ ఇటూగా ఒకటేనన్న ధైర్యం ఇంకా కొంత ఉంది. దారి అడిగితే ఒక ముసలావిడ "సామొ ప్రావొ" అంది. రష్యన్‌లో నప్రావొ అంటే కుడివైపు, ఉక్రేనియన్‌లో ప్రావొరుచ్ అన్నా కుడివైపే. కుడికి తిరిగాను. సెర్బియన్‌లో ప్రావొ అంటే తిన్నగా. ఆవిడ వెనకనుంచి పరుగున వచ్చి నా భుజం పట్టి తిన్నగా నిలబెట్టింది.

అలాంటి మాటలు అడుగడుగునా తగులుతాయి. ఉక్రేనియన్‌లో హొదినా అంటే గంట, సెర్బియన్‌లో అదే మాట గొదినా అంటే సంవత్సరం. గంటలో వస్తానన్నవాడికోసం ఏడాది ఎదురుచూడాలి. ఉక్రేనియన్‌లో చాస్ అంటే కాలం, సెర్బియన్‌లో బడిలో పాఠం గంట. ఉక్రేనియన్‌లో స్లోవొ అంటే మాట, సెర్బియన్‌లో అక్షరం. మాటను సెర్బియన్ రేచ్ అంటుంది, అదే మాట ఉక్రేనియన్‌లో రిచ్ అయి వస్తువును చెప్తుంది. పీషెమ్ అని రష్యన్ అంటే 'రాస్తాం', సెర్బియన్ అంటే 'రాస్తాను'. లిస్తొపాద్, ఆకు రాలే నెల, ఉక్రెయిన్‌లో నవంబరు, క్రొయేషియాలో అక్టోబరు. సెర్బియాలో ఆ పేరే వాడరు, లాటిన్ నెలలే. మనమూ కన్నడిగుల ఇంట్లో తిండి అంటే భోజనం అనుకుని కూర్చుంటే ఫలహారం పెడతారు.

వ్యాకరణంలోనూ దూరం తక్కువేమీ కాదు. సెర్బియన్‌కు నాలుగు రకాల స్వరాలున్నాయి, అచ్చు పొడవుతో పాటు గొంతు ఎక్కిందా దిగిందా అన్నది లెక్కకొస్తుంది. ఉక్రేనియన్‌కు ఒత్తు ఒక్కటే. "నేను విద్యార్థిని" అనడానికి ఉక్రేనియన్‌కు మనలాగే క్రియ అక్కర్లేదు. సెర్బియన్‌కు "ఉన్నాను" లాంటి ముక్క ఒకటి తప్పనిసరి. 'రాయాలనుకుంటున్నాను' అనడానికి ఉక్రేనియన్ తుమున్నర్థకం వాడుతుంది, సెర్బియన్ ఎక్కువగా బాల్కన్ పొరుగువాళ్లలా వాక్యంలో వాక్యం పెడుతుంది. ఇక సెర్బియన్ రేఫ అచ్చుపని కూడా చేస్తుంది. దీన్ని లాటిన్‌లో రాస్తే బయటివాళ్లు ఎలా పలకాలో తెలియక తికమక పడతారు. తెలుగువాళ్లకు ఆ ఇబ్బంది లేదు, మనకు ఋకారం ఉంది. వేలు పృస్త్, సంత మైదానం తృగ్, దేశం సృబియా, చావు స్మృత్. మృతి, మృత్యువు అనే మనకు ఆ చివరి మాట అర్థం చెప్పకుండానే తెలుస్తుంది. అవి ఒకే ధాతువులోంచి పుట్టినవి. ఉక్రేనియన్‌లో అది అచ్చు చేర్చుకుని స్మెర్త్ అయింది.

ఒకే లిపి అన్న వాదాన్ని త్వరగా ముగించవచ్చు. ఉక్రేనియన్‌కు 33 అక్షరాలు, సెర్బియన్‌కు 30. ఒకదానికున్న అక్షరాలు కొన్ని మరోదానికి లేవు, ఉమ్మడి అక్షరాల్లో కొన్నిటి ఉచ్చారణ వేరు. పైగా సెర్బియన్‌ను లాటిన్‌లోనూ రాస్తారు. 2006 రాజ్యాంగం సిరిలిక్‌ను అధికార లిపి అంది, కానీ బెల్‌గ్రేడ్ దుకాణాల బోర్డుల్లో సగం లాటినే. లిపి మారినంత మాత్రాన వాళ్ల భాష మారడం లేదు. తెలుగు, కన్నడ లిపులు అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. భాషావేత్తలు ఆ రెంటినీ ద్రావిడంలోని వేర్వేరు శాఖల్లో పెడతారు. లిపిని చూసి భాషను లెక్కగట్టేవాళ్లకు మన రెండు రాష్ట్రాల పక్కనే సమాధానం ఉంది.

అర్థమవడం అనే కొలబద్ద ఇంకొంచెం గట్టిది. ఉక్రేనియన్లకు రష్యన్ అర్థమవుతుంది కదా అంటారు. అవుతుంది, బడిలో నేర్పారు కాబట్టి, టీవీలో వినిపించారు కాబట్టి, కొలువుల్లో అడిగారు కాబట్టి. ఉక్రేనియన్ ఎన్నడూ వినని రష్యావాణ్ని తెచ్చి కార్పతియన్ కొండపల్లెలో నిలబెట్టి అడగండి. ఇక ఖార్కివ్ సంతలో వినబడే కలగలుపు మాటను చూపి, ఇదిగో రెండూ ఒకటే అంటారు. ఆ కలగలుపుకు ఉక్రేనియన్లే సుర్జిక్ అని పేరు పెట్టారు. గోధుమలో రై లాంటి వేరే ధాన్యం కలిపి విసిరిన పిండిని అలా అనేవారు. రెండు ధాన్యాలు ఉంటేనే కలగలుపు పిండి అవుతుంది.

పైగా అర్థమవడమే కొలత అయితే దాన్ని అంతటా వాడాలి. సెర్బియన్, క్రొయేషియన్ మాట్లాడేవాళ్లు ఒకరినొకరు అనువాదం లేకుండా అర్థం చేసుకుంటారు. రెండు ప్రమాణ భాషలకూ పునాది ష్తోకవియన్ అనే ఒకే పలుకు. 1850లో వియన్నాలో రెండు వైపుల రచయితలూ భాషావేత్తలూ కలిసి ఉమ్మడి సాహిత్య భాషకు ఒప్పుకున్నారు. 1954లో నొవీసాద్‌లో ఆ ఒప్పందాన్ని మళ్లీ చేశారు. 1967లో క్రొయేషియన్ రచయితలూ సంస్థలూ మాది వేరే పేరు అని ప్రకటన ఇచ్చారు. యుగోస్లావియా విడిపోయాక ఒక్కో దేశానికి ఒక్కో భాషపేరు వచ్చింది. 2017లో సారయేవోలో మరికొందరు కలిసి, నాలుగు పేర్లున్నా ఇది ఉమ్మడి భాషేనన్నారు. ఇక్కడ నాకు ముఖ్యమైనది ఒక్కటే. అక్కడ అర్థమవుతున్నా నాలుగు భాషలంటే తలూపేవాళ్లే ఇక్కడికి వచ్చి, అర్థంకాకపోయినా ఒకటే భాష అంటారు. ఏ ఎండకా గొడుగు పట్టే కొలతను కొలత అనలేం.

నా వాదానికి ఎదురు తగిలే ఉదాహరణను దాచను. సెర్బియా ఉత్తరాన వొయివొదినాలో రూస్కి క్రస్తూర్ అనే ఊరుంది. 18వ శతాబ్దం మధ్యలో కార్పతియన్ కొండల నుంచి వలస వచ్చిన రూసిన్‌ల ఊరు. వాళ్ల భాషకు 1923లో హవ్రిల్ కొస్తెల్నిక్ వ్యాకరణం రాశాడు. ఇవాళ అది వొయివొదినా అధికార భాషల్లో ఒకటి. ఉక్రెయిన్ పండితులు చాలామంది దాన్ని ఉక్రేనియన్ మాండలికమే అంటారు. మాట్లాడేవాళ్లలో చాలామంది కాదంటారు, అందులో స్లొవాక్ లక్షణాలు దండిగా ఉన్నాయి కూడా. మీది వేరే భాష కాదు పొమ్మన్న మాటతో రెండు వందల ఏళ్లు బాధపడినవాళ్లు, ఆ మాటనే తమకన్నా చిన్నవాళ్లతో అనకూడదని నేను నమ్ముతాను.

ఇక చరిత్ర. ఉక్రేనియన్ కృత్రిమంగా అల్లిన భాష అనేవాళ్లు సెర్బియన్ చరిత్ర చదివితే అది ఎంత సహజంగా నడిచిన దారో తెలుస్తుంది. 18వ శతాబ్దంలో చదువుకున్న సెర్బులు రాసింది ఇంటి భాష కాదు. రష్యా నుంచి 1726లో స్రెమ్‌స్కి కార్లొవ్‌త్సికి మక్సీమ్ సువొరొవ్ అనే ఉపాధ్యాయుడు వచ్చాడు. 1733లో కీవ్ అకాడమీలో చదువుకున్న మనుయిల్ కొజచీన్‌స్కి వచ్చాడు. వాళ్ల చేతుల్లో ఉన్నది మెలేతి స్మొత్రీత్‌స్కి 1619లో అచ్చువేసిన చర్చి స్లావిక్ వ్యాకరణం. స్మొత్రీత్‌స్కి పుట్టింది ఇవాళ్టి ఉక్రెయిన్‌లోనే. అలా పుట్టిన స్లావ్ సెర్బియన్ అనే రాతభాష రైతుకు అర్థం కాదు, పాటకు పనికిరాదు. వూక్ కరాజిచ్ 1814లో ప్రజల పలుకుకు వ్యాకరణం రాశాడు, 1818లో వియన్నాలో నిఘంటువు అచ్చువేశాడు. పలికే ప్రతి ధ్వనికీ ఒక్క అక్షరం, పలకని అక్షరం ఒక్కటీ వద్దు. లాటిన్ నుంచి జె అనే అక్షరం తెచ్చి సిరిలిక్‌లో కలిపినందుకు చర్చి పెద్దలు మతద్రోహమన్నంత పని చేశారు. ఆయన రాతపద్ధతిని సెర్బియా అధికారికంగా ఒప్పుకున్నది 1868లో, ఆయన పోయిన నాలుగేళ్లకు. గిడుగు రామమూర్తి పంతులుగారు పడిన పాట్లు తెలిసినవాళ్లకు వూక్ పరాయివాడనిపించడు.

అదే పోరాటం ఉక్రెయిన్‌లోనూ అదే కాలంలో జరిగింది. కొత్ల్యారెవ్‌స్కి ఎనెయిదా 1798లో వచ్చింది, షెవ్‌చెంకో కొబ్జార్ 1840లో వచ్చింది. నడుమ 1837 సంవత్సరంతో బుడాలో అచ్చయిన రుసాల్కా ద్నిస్త్రొవాయా అనే చిన్న సంకలనం ఉంది. ముగ్గురు గలీసియా యువకులు తెచ్చారు. పలికినట్టే రాయాలన్న వూక్ బాట పట్టారు. సెర్బియన్ సిరిలిక్ నుంచి ఒక అక్షరమూ తీసుకున్నారు. సెర్బియన్ జానపద గీతాల అనువాదాలూ వేశారు. ఎక్కువ ప్రతులను ల్వీవ్‌లో సెన్సారు పట్టుకుపోయింది. నలభై ఏళ్ల తర్వాత, కీవ్ విశ్వవిద్యాలయం కొలువు పోగొట్టుకుని జెనీవా చేరిన ద్రహొమానొవ్ తన పత్రికలో వాడిన రాతలో, వూక్ సిరిలిక్‌లోకి తెచ్చిన ఆ జె అక్షరమే ఉంది. ఆ రాత నిలవలేదు. కానీ ఉక్రేనియన్‌ను వియన్నాలోనో వార్సాలోనో ఎవరో కుట్రపన్ని తయారుచేశారనేవాళ్లు ఈ పుటలు తిరగేయాలి. వాళ్లు ఆదర్శంగా చూసింది వూక్ వైపు, సాటి స్లావ్ జాతి వైపు.

ఒకే విత్తు రెండు చోట్ల పడితే వచ్చిన పంటలో తేడా నేలది కాదు, కాపలాదారుది. వూక్‌కు ఎదురైంది సొంత చర్చి కోపం. ఉక్రేనియన్‌కు ఎదురైంది సామ్రాజ్యం. 1863లో మంత్రి వలూయెవ్ ఉత్తర్వు బడిపుస్తకాలనూ మతగ్రంథాలనూ ఆపింది. అలాంటి భాష లేదు, ఉండబోదు అన్నదే ఆ ఉత్తర్వులో పెట్టిన కారణం. 1876లో రెండో అలెగ్జాండర్ జర్మనీలోని ఎమ్స్ పట్టణంలో విశ్రాంతి తీసుకుంటూ సంతకం పెట్టిన ఉత్తర్వు అనువాదాలను ఆపింది, విదేశాల్లో అచ్చయిన పుస్తకాలు లోపలికి రాకుండా ఆపింది, నాటకాలను ఆపింది, చివరకు సంగీతపు కాగితాల మీద పాట మాటలు అచ్చువేయడాన్నీ ఆపింది. సొంత వ్యాకరణకర్త మీద కోపంతో సెర్బియా ఇంత పని చేయలేదు. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ పండితులే, వాళ్లలో రష్యన్ భాషా చరిత్రకు పెద్దదిక్కైన షాఖ్మతొవ్ ఉన్నాడు, ఈ నిషేధాలు ఎత్తేయాలనీ ఉక్రేనియన్ స్వతంత్ర భాషేననీ నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక ఇచ్చింది రష్యా సొంత అకాడమీ. ఇవాళ టీవీల్లో నూటయాభై ఏళ్ల కిందటి ఉత్తర్వుల మాటలు మాట్లాడేవాళ్లకు ఆ పండితుల మాటలు కూడా చెప్పాలి.

సోవియట్ కాలంలో మళ్లీ అదే కత్తెర. మొదట కొన్నేళ్లు ఉక్రేనియన్‌కు బళ్లూ పత్రికలూ వచ్చాయి. 1933లో వర్ణమాలలోంచి గకారానికున్న ప్రత్యేక అక్షరాన్నే తీసేశారు. రష్యన్‌కు అలాంటి అక్షరం లేదు కాబట్టి ఉక్రేనియన్‌కూ ఉండక్కర్లేదన్నమాట. ఆ దశాబ్దంలోనే ఆ భాషలో రాసిన ఒక తరం కవుల్ని, రచయితల్ని కాల్చి చంపారు. 1990లో ఆ అక్షరం తిరిగి వచ్చింది. మనుషులు తిరిగి రాలేదు.

మా మాస్టారు ఇప్పుడు లేరు. ఉంటే ఆయనకు ఒక విషయం చెప్పేదాన్ని. యుద్ధానికి ముందు నేను ల్వీవ్ వెళ్లాను. సంతలో ఆపిల్ పళ్లు అమ్మే ఆవిడ దగ్గర రష్యన్‌లో ధర అడిగి, ఆవిడ ముఖం చూసి ఉక్రేనియన్‌కు మారాను. తప్పులతోనే మాట్లాడాను. ఆవిడ వెంటనే "దొన్యూ" అంది. అమ్మాయీ, తల్లీ అన్నట్టు. కూతురు అనే మాటకు సంబోధన రూపం. ఇంకో పండు ఊరికే సంచిలో వేసింది. బెల్‌గ్రేడ్‌లో నన్ను భుజం పట్టి తిన్నగా నిలబెట్టిన ముసలావిడ "సీనె" అని పిలిచింది. కొడుకా అని ఆ మాటకు అర్థం. ఆడపిల్లను పట్టుకుని కొడుకా అంటుందేమని అప్పుడు అనుకున్నాను. సెర్బియాలో అమ్మలు కూతుళ్లను కూడా సీనె అనే పిలుస్తారని తర్వాత తెలిసింది. మా అమ్మ నన్ను డెబ్బై ఏళ్ల వయసులోనూ నాన్నా అనే పిలిచేది.